తిండి, పని, వైద్యం, అభివృద్ధి... ఇవి కూడా మానవ హక్కులేనా? తరచుగా అడిగే ప్రశ్నలు

మానవ హక్కులు అనగానే మన తెలుగువాళ్ళకి ముందు గుర్తొచ్చేవి ఎన్‌కౌంటర్లు, లాకప్ డెత్‌లు, నిజనిర్ధారణ కమిటీలు. దానికి కారణం ఉంది, ఇక్కడ హక్కుల ఉద్యమం పెరిగిందే ఆ కేసుల చుట్టూ. కానీ రేషన్, ఉపాధి పని, ఆస్పత్రిలో బెడ్, ముంపు ఊళ్ళ ప్యాకేజీ, ఇవి కూడా అదే లెక్కలోకి వస్తాయి అంటే చాలామందికి "అదెలా?" అనిపిస్తుంది. ఎక్కువగా వచ్చే డౌట్లన్నీ ఒకచోట పెడుతున్నా. వరసగా చదవాలని ఏం లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

హక్కులంటే మాట్లాడే స్వేచ్ఛ, ఓటు, పోలీసులు కొట్టకుండా ఉండటం... ఇవే కదా? ఇందులోకి బియ్యం ఎప్పుడొచ్చింది?

మొదట్నుంచీ ఉంది. 1948 డిసెంబర్ 10న ఐక్యరాజ్యసమితి చేసిన మానవ హక్కుల ప్రకటన తీసి చూడండి, 25వ ఆర్టికల్‌లో తిండి, బట్ట, ఇల్లు, వైద్యం పేరు పెట్టి మరీ రాశారు, 23లో పని, సరైన కూలి, యూనియన్ పెట్టుకునే హక్కు ఉన్నాయి, 26లో చదువు. చిత్రహింసలు పెట్టకూడదని చెప్పే 5వ ఆర్టికల్ ఉన్నది కూడా ఆ కాగితంలోనే.

మరి వీటిని సెకండ్ గ్రేడ్ హక్కుల్లా ఎందుకు చూస్తారు?

కోల్డ్ వార్ పుణ్యం. ఆ ప్రకటనకి చట్టం లాంటి బలం ఇచ్చే ఒప్పందం రాద్దాం అనుకునేసరికి రెండు శిబిరాలకీ పొసగలేదు, చివరికి 1966 డిసెంబర్ 16న రెండు వేరువేరు ఒప్పందాలు చేశారు, పౌర రాజకీయ హక్కులకి ఒకటి, ఆర్థిక సామాజిక సాంస్కృతిక హక్కులకి ఇంకోటి. అమెరికా ఈ రెండోదాని మీద 1977లో సంతకం పెట్టింది గానీ ఇప్పటికీ ఆమోదించలేదు. చైనా సరిగ్గా ఉల్టా, ఆర్థిక హక్కులదాన్ని 2001లో ఆమోదించి, పౌర హక్కులదాన్ని మాత్రం 1998లో సంతకం పెట్టి పక్కన పడేసింది. ఎవరికి ఏది ఇబ్బందో అక్కడే తెలిసిపోతుంది. ఇండియా 1979 ఏప్రిల్ 10న రెండిట్లోనూ చేరింది.

అసలు బతుకులో ఇవి విడివిడిగా ఉండవు కూడా. జీతం పెంచమని ధర్నాకి బయల్దేరిన ఆశా వర్కర్లని తెల్లారుజామునే ఇళ్ళ దగ్గర ఆపేస్తే పోయింది కూలి హక్కా, నిరసన హక్కా? తెలుగునాట ఈ సంగతి గట్టిగా పట్టుకున్నవాళ్ళలో హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ ఒకరు. 1998లో ఆయనా మరికొందరూ కలిసి మానవ హక్కుల వేదిక పెట్టినప్పుడు, రాజ్యహింసని ప్రశ్నిస్తూనే కులం, ఆడవాళ్ళ మీద పెత్తనం, నిర్వాసితుల గోడు కూడా హక్కుల సంఘం పట్టించుకోవాల్సినవే అన్నారు.

మన రాజ్యాంగంలో ఇవి ఉన్నాయా లేవా?

ఉన్నాయి, కానీ నాలుగో భాగంలో, ఆదేశిక సూత్రాల కింద. 39లో జీవనోపాధి, 41లో పని, చదువు, ముసలితనంలో సాయం, 43లో బతకడానికి చాలే కూలి, 47లో పోషకాహారం, ప్రజారోగ్యం. చిక్కంతా 37వ ఆర్టికల్ దగ్గర ఉంది, ఇవి పాలనకి మూలం లాంటివి అంటూనే కోర్టులో అమలు చేయించుకోవడానికి వీల్లేదు అని కూడా అంటుంది. రాజ్యాంగ సభలో కె.టి. షా దీన్ని బ్యాంకులో డబ్బులుంటేనే చెల్లే చెక్కుతో పోల్చాడు. 1948లో అన్న మాట, పింఛన్ దరఖాస్తు పెట్టి ఎదురుచూసేవాళ్ళకి ఇప్పటికీ సూటిగా తగులుతుంది.

అంటే కోర్టుకి వెళ్ళి లాభం లేదా?

లాభం ఉంది, కాకపోతే వేరే దారిలో వెళ్ళాలి. ఆ దారి 21వ ఆర్టికల్, ప్రాణానికి సంబంధించిన హక్కు. 1985లో బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్ళ కేసులో, అదే ఓల్గా టెల్లిస్ కేసులో, బతుకుతెరువు తీసేస్తే ప్రాణం తీసినట్టే కాబట్టి ప్రాణహక్కులో జీవనోపాధి కూడా కలిసే ఉంటుందని సుప్రీంకోర్టు చెప్పింది. ఎక్కడ చూసినా ఈ కేసుని ఘనవిజయంలా రాస్తారు గానీ, నోటీసు ఇచ్చి ఖాళీ చేయించొచ్చని కూడా అదే తీర్పులో ఉంది, గుడిసెలు పోయినవాళ్ళు పోయారు.

చదువు విషయంలో మన రాష్ట్రం పేరు మీదే ఒక పెద్ద తీర్పు ఉంది, 1993లో ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్. ప్రొఫెషనల్ కాలేజీల ఫీజుల గొడవతో మొదలైన కేసు అది, అందులోంచే 14 ఏళ్ళ దాకా చదువు ప్రాథమిక హక్కు అన్న మాట వచ్చింది, 2002లో 86వ సవరణతో 21-ఏ ఆర్టికల్ అయింది, 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చింది. ప్రైవేట్ స్కూళ్ళలో పేద పిల్లలకి 25 శాతం సీట్లు అనే క్లాజు ఆ చట్టంలోదే, మన రెండు రాష్ట్రాలూ దాన్ని ఏళ్ళ తరబడి ముట్టుకోకుండా దాటేశాయి.

తిండి హక్కు కేసు అంటుంటారు, అదేంటి?

2001. రాజస్థాన్‌లో కరువు, ఇంకోపక్క ఎఫ్‌సీఐ గోడౌన్లు నిండిపోయి ధాన్యం ముక్కిపోతోంది. అంత ధాన్యం పెట్టుకుని మనుషులు పస్తులెందుకుండాలి అని పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అదే ఏడాది నవంబర్ 28న వచ్చిన మధ్యంతర ఉత్తర్వు చాలా విషయాలు మార్చేసింది, అప్పటికే నడుస్తున్న రేషన్, అంగన్‌వాడీ, అతి పేదలకిచ్చే అంత్యోదయ కార్డు లాంటి స్కీములన్నీ ఇకనుంచి జనానికి చట్టపరంగా రావాల్సినవేననీ, ఇష్టమొచ్చినట్టు తగ్గించడానికీ ఆపడానికీ లేదనీ చెప్పింది. గవర్నమెంట్ బడుల్లో వండిన అన్నం పెట్టాలన్నదీ అందులోనే. తమిళనాడు అంతకుముందే పెడుతోంది, మిగతా చాలా రాష్ట్రాలు అప్పటిదాకా నెలకింత బియ్యం కొలిచి చేతులు దులుపుకునేవి.

ఉత్తర్వు ఇచ్చి వదిలేయకుండా అమలు చూడ్డానికి కోర్టు కమిషనర్లని కూడా పెట్టింది. మొదట్లో వేసిన ఇద్దరిలో ఎన్.సి. సక్సేనాతో పాటు ఎస్.ఆర్. శంకరన్ ఉన్నారు, ఆంధ్రప్రదేశ్ కేడర్ ఐఏఎస్, వెట్టిచాకిరీ నిర్మూలన కోసం పనిచేసిన మనిషి. ఇంత పెద్ద కేసులో ఆయన పాత్ర ఉందని ఇక్కడ చాలామందికి తెలీదు.

ఆ కేసు ఊపుతోనే 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం వచ్చింది. పల్లెల్లో 75 శాతం, పట్నాల్లో 50 శాతం దాకా జనానికి మనిషికి నెలకి 5 కిలోలు, అంత్యోదయ కార్డుకి 35 కిలోలు. 2023 జనవరి నుంచి కేంద్రం ఇచ్చేది పూర్తిగా ఉచితం. కార్డులో ఇంటి యజమాని స్థానంలో 18 దాటిన పెద్ద ఆడమనిషి పేరు ఉండాలన్నదీ ఈ చట్టంలోదే.

మాకు 1983 నుంచే రెండు రూపాయల బియ్యం ఉన్నాయి కదా, కొత్తగా చట్టం దేనికి?

ఈ పేజీ మొత్తంలో నాకు ముఖ్యం అనిపించే ప్రశ్న ఇదే. ఎన్టీఆర్ రెండు రూపాయల బియ్యం పెట్టినప్పుడు లక్షల ఇళ్ళల్లో జొన్నసంకటి, గటక తాగేవాళ్ళు వరన్నం తినడం మొదలుపెట్టారు, దాన్ని తక్కువ చేసేది లేదు. కానీ అది స్కీము. 1990ల్లో ధర పెరిగింది, 2008లో మళ్ళీ రెండు రూపాయలకి వచ్చింది, 2011లో రూపాయి అయింది, ఇలా పెంచినప్పుడు గానీ దించినప్పుడు గానీ ఏ ప్రభుత్వమూ ఎవరికీ సంజాయిషీ ఇవ్వాల్సిన పని లేకపోయింది, ఇస్తే దేవుడు, ఆపితే మన ఖర్మ. చట్టం అయ్యాక ఆపినవాడు జవాబు చెప్పాలి. బియ్యం ఇవ్వలేకపోతే దాని బదులు డబ్బులు ఇవ్వాలని 8వ సెక్షన్‌లో ఉంది, ఫిర్యాదు ఎవరికి పెట్టాలో ఉంది, జిల్లా అధికారి చెప్పినా వినని ఉద్యోగికి 5,000 దాకా జరిమానా ఉంది. కిలోలు తగ్గినా పెరిగినా హక్కు అనేదానికి అసలు గుర్తు ఇదే, కాదన్నవాడి పేరు చెప్పి అడగ్గలగాలి. ఫలానా నాయకుడు పెట్టిన అన్నం అని సంచుల మీద ఫొటోలు వేసుకున్నంతకాలం ఈ తేడా జనంలోకి వెళ్ళదు.

ఉపాధి హామీ కూడా అంతేనా?

అంతే, ఇంకా గట్టిది కూడా. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో దాన్ని మొదలుపెట్టారు. 2005 చట్టం ప్రకారం పని అడిగిన 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి, ఆ భృతి ఖర్చు రాష్ట్రానిది. ఇక్కడే కిటుకు ఉంది. తేదీ వేసిన రసీదు చేతిలో ఉంటేనే ఆ 15 రోజుల లెక్క మొదలవుతుంది, అందుకే చాలాచోట్ల రసీదు ఇవ్వరు, "పనులు వచ్చినప్పుడు చెప్తాం లే అమ్మా" అని నోటిమాటతో పంపేస్తారు. కరువు పనికి వెళ్ళే మనిషి పని అడుక్కోవడం లేదు, డిమాండ్ చేస్తోంది అని కాగితం మీద ఒప్పుకోవడం ఆఫీసులకి కష్టంగా ఉంటుంది.

మన ఉమ్మడి రాష్ట్రం నిజంగా దారి చూపించిన విషయం సోషల్ ఆడిట్. ఊళ్ళోవాళ్ళే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి "నువ్వు ఇన్ని రోజులు చేసినట్టు రాశారు, చేశావా?" అని అడిగి, తేలినవి మండలంలో ప్రజావేదిక పెట్టి అందరిముందూ చదివేవాళ్ళు. చనిపోయినవాళ్ళ పేర్ల మీద మస్టర్లు బయటపడ్డాయి, తిన్న డబ్బులు అక్కడికక్కడే కట్టించిన సందర్భాలూ ఉన్నాయి. రికవరీ మొత్తం ఎప్పుడూ పూర్తిగా వచ్చింది లేదనుకోండి, అది వేరే కథ.

2025 డిసెంబర్‌లో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది పాస్ చేసింది, జీ రామ్ జీ అని పిలుస్తున్నారు. 100 రోజులు కాస్తా 125 అయ్యాయి, వినడానికి బాగుంది. కానీ చాలా రాష్ట్రాలు ఖర్చులో 40 శాతం పెట్టుకోవాలి, సాగు సీజన్‌లో 60 రోజుల దాకా పనులు ఆపొచ్చు, కేంద్రం ఏ రాష్ట్రానికి ఎంతో ముందే లెక్కగట్టి ఇస్తుంది. అడిగినంత పని అనేది పోయి ఇచ్చినంత పని అయితే దాన్ని హామీ అనాలా వద్దా అన్నది అసలు గొడవ, నా మటుకు నాకు 125 కన్నా ఆ నిధుల లెక్కే పెద్ద విషయం.

ఇవన్నీ ఉచితాలు, జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు అంటారు?

ఎండాకాలంలో చెరువు పూడిక తీసేవాళ్ళని సోమరులు అనేవాళ్ళు ఒక్కపూట గంప మోసి వచ్చి మాట్లాడితే బాగుంటుంది. ఎన్నికలకి ముందు మిక్సీలు, టీవీలు పంచడం వేరు, బడి పిల్లలకి అన్నం, బాలింతకి పౌష్టికాహారం వేరు, ఒకే గంపలో వేసి తిట్టడం కుదరదు. పెద్ద కంపెనీలకి ఎకరా నామమాత్రం ధరకి ఇస్తే దాన్ని ప్రోత్సాహకం అంటారు, ఉచితం అనరు, అదో విచిత్రం.

సర్కారు దగ్గర డబ్బుల్లేకపోతే హక్కు అని ఏం చేస్తాం?

న్యాయమైన ప్రశ్నే, ఆర్థిక సామాజిక హక్కుల ఒప్పందం రాసినవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. అందుకే దాని 2వ ఆర్టికల్‌లో, చేతిలో ఉన్న వనరులన్నీ గరిష్ఠంగా వాడి అంచెలంచెలుగా అమలు చేయాలని రాశారు. రేపొద్దున్నే అందరికీ ఇల్లు కట్టమని కాదు, ఏటికేడు ముందుకే జరగాలి. కొన్నిటికి మాత్రం వాయిదా లేదు. వివక్ష చూపకూడదనేది ఈరోజు నుంచే, దళితవాడకి నల్లా చివర్లో వేస్తాం అంటే బడ్జెట్ సాకు చెల్లదు. ఆకలి తీర్చేంత తిండి, ప్రాథమిక వైద్యం, తలదాచుకునే చోటు, ఈ కనీస భాగం ముందు చూడాలని ఐక్యరాజ్యసమితి కమిటీ 1990లోనే చెప్పింది.

మన కోర్టులు కూడా ఇందులో వెనకబడలేదు. మధ్యప్రదేశ్ రత్లాంలో మురుగు కాలవలు కట్టమంటే మున్సిపాలిటీ డబ్బుల్లేవంది, 1980లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ సాకు చెల్లదని తేల్చేశారు.

వైద్యం హక్కేనా? ఆరోగ్యశ్రీ ఉంది కదా.

1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, ప్రభుత్వ ఆస్పత్రులు ఒకదాని తర్వాత ఒకటి తిప్పినా బెడ్ లేదు, సౌకర్యం లేదు అన్నారు, ఆఖరికి అప్పోసప్పో చేసి ప్రైవేట్‌లో చూపించుకున్నాడు. 1996లో సుప్రీంకోర్టు, ఎమర్జెన్సీలో వైద్యం ఇవ్వకపోవడం 21వ ఆర్టికల్ ఉల్లంఘన అని చెప్పి 25,000 పరిహారం ఇప్పించింది. ఎమర్జెన్సీ మటుకు అలా గట్టిగా ఉంది. మామూలు వైద్యానికి దేశమంతటికీ వర్తించే హక్కు చట్టం లేదు, రాష్ట్రాల్లో రాజస్థాన్ 2023లో డాక్టర్ల సమ్మె మధ్య ఒకటి తెచ్చింది.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చిన స్కీము, గుండె ఆపరేషన్లు, డయాలసిస్‌లతో ఎన్నో ప్రాణాలు నిలబెట్టింది. కానీ బిల్లులు రాలేదని నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపేయడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం, అలా ఆగిన రోజు కార్డు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డ రోగి ఎవరి మీద ఏ సెక్షన్ కింద అడగాలి? పైన బియ్యం దగ్గర చెప్పిన తేడా ఇక్కడ ప్రాణం మీదకొస్తుంది.

"అభివృద్ధి హక్కు" అంటే రోడ్లు, ఎయిర్‌పోర్టు కావాలని అడిగే హక్కా?

కాదు. ఈ ఆలోచనని ముందుకు తెచ్చింది ఆఫ్రికా, సెనెగల్ న్యాయమూర్తి కెబా ఎంబాయ్ 1972లో దీని గురించి మాట్లాడాడు. 1986 డిసెంబర్ 4న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ అభివృద్ధి హక్కు ప్రకటన చేసింది, 146 దేశాలు సరే అన్నాయి, 8 తటస్థం, వద్దన్నది ఒక్క అమెరికా. తర్వాత దీన్ని ఆచరణలో ఎలా పెట్టాలో చెప్పడానికి ఐక్యరాజ్యసమితి నియమించిన నిపుణుడు మనవాడే, ఆర్థికవేత్త అర్జున్ సేన్‌గుప్తా.

అందులో ఉన్నదేంటంటే, అభివృద్ధికి కేంద్రం మనిషి, ఆ మనిషి దాంట్లో పాల్గొనాలి, ఫలం కూడా అతనికి అందాలి, పంపిణీ న్యాయంగా ఉండాలి. జీడీపీ పెరిగి ఊరు మునిగితే ఈ లెక్కలో అది అభివృద్ధి కిందకి రాదు.

కొన్ని ప్రభుత్వాలు దీన్నే తిరగేసి "ముందు అభివృద్ధి చెందనివ్వండి, పత్రికలూ యూనియన్లూ తర్వాత చూద్దాం" అంటాయి. 1993లో వియన్నాలో జరిగిన ప్రపంచ మానవ హక్కుల సదస్సు ఆ తలుపు మూసేసింది, అభివృద్ధి హక్కుని ఒప్పుకుంటూనే, వెనకబడి ఉన్నామన్న కారణంతో మిగతా హక్కులు కోయడానికి లేదని రాసింది.

ప్రాజెక్టు వస్తే కొందరు ఖాళీ చేయాల్సిందే కదా? అడ్డుపడితే ఎలా?

ఈ "కొందరు" ఎప్పుడూ వాళ్ళే ఎందుకవుతారు అన్నది ముందు చూడాలి. పోలవరం తీసుకోండి, నిర్వాసితులు లక్షకి పైగా కుటుంబాలు, చాలామంది కోయలు, కొండరెడ్లు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఖమ్మం జిల్లా ముంపు మండలాల్ని ఆంధ్రలో కలిపేశారు, ఏ రాష్ట్రంలో ఉండాలో ఆ ఊళ్ళవాళ్ళని ఎవరూ అడగలేదు. నీళ్ళు డెల్టాకి, కరెంటు అందరికీ, ముంపు మాత్రం గోదావరి ఒడ్డున వాళ్ళకి. డ్యామ్ వద్దని నేను అనడం లేదు, కాంక్రీటు పనికున్న డెడ్‌లైన్ పునరావాస కాలనీలకి ఎందుకు లేదు అనే అడుగుతున్నా.

చట్టం ఏమీ ఖాళీగా లేదు. 1997 సమతా తీర్పు మన విశాఖ ఏజెన్సీది, అనంతగిరి, బొర్రా దగ్గర గనుల లీజుల మీద మొదలై, షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని, అది సర్కారు భూమి అయినా సరే, గిరిజనేతర ప్రైవేట్ కంపెనీలకి గనుల కోసం ఇవ్వకూడదని తేల్చింది, దాని వెనక ఉన్నది ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే మన వన్ ఆఫ్ సెవెంటీ చట్టమే. 2013లో ఒడిశా నియంగిరిలో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకే వదిలేసింది, 12 గ్రామసభలు కూర్చున్నాయి, 12కి 12 బాక్సైట్ గని వద్దన్నాయి, గని ఆగింది. అదే ఏడాది వచ్చిన భూసేకరణ చట్టం ప్రైవేట్ ప్రాజెక్టుకి 80 శాతం, ప్రభుత్వ ప్రైవేట్ భాగస్వామ్యానికి 70 శాతం భూయజమానుల సమ్మతి అడుగుతుంది, సామాజిక ప్రభావ అంచనా అడుగుతుంది, కౌలుదార్లకీ కూలీలకీ కూడా పునరావాసం అంటుంది. తర్వాత రెండు తెలుగు రాష్ట్రాలూ సొంత సవరణలు చేసుకుని ఆ అంచనా దగ్గరే సందులు తెరిచాయి. ఆ విషయంలో ఏ పార్టీకీ తేడా లేదు.

చట్టంలో ఉన్నా చేతికి రాకపోతే హక్కు ఉండి ఏం లాభం?

ఈ విసుగు అర్థమవుతుంది. దక్షిణాఫ్రికా రాజ్యాంగంలో ఇంటి హక్కు నేరుగా ఉంది, 2000లో గ్రూట్‌బూమ్ కేసులో కోర్టు పేదల పక్షాన తీర్పు ఇచ్చింది, ప్రపంచమంతా లా కాలేజీల్లో చదివే కేసు అది, ఆ కేసు వేసినావిడ 2008లో ఇల్లు రాకుండానే చనిపోయింది.

కానీ లాభమే లేదనడం కూడా తప్పు. తెలంగాణలో 2014 తర్వాత 19 లక్షలకి పైగా రేషన్ కార్డులు, కంప్యూటర్ లెక్కలు చూసి, ఇంటికెళ్ళి విచారించకుండానే రద్దు చేశారు. ఈపాస్ మిషన్ మీద వేలిముద్ర పడకపోతే కనీసం డీలర్‌తో పోట్లాడొచ్చు, ఎక్కడో సాఫ్ట్‌వేర్ పేరు కొట్టేస్తే ఎవరితో పోట్లాడతాం? 2022లో సుప్రీంకోర్టు ఆ కార్డులన్నిటినీ మళ్ళీ ఫీల్డ్‌కి వెళ్ళి వెరిఫై చేయమంది. చట్టం లేకపోతే ఆ కేసు నిలబడేదే కాదు. ఇంకో చిక్కు, ఆహార చట్టంలో ఎంతమందికి అన్న లెక్క ఇప్పటికీ 2011 జనాభా మీదే నడుస్తోంది, ఆ తర్వాత పుట్టిన పిల్లలు కేంద్రం లెక్కలో లేనట్టే.

మావాళ్ళు గల్ఫ్‌లో ఉన్నారు, ఈ హక్కులు అక్కడ పనిచేస్తాయా?

దేశాన్ని బట్టి. కువైట్ 1996లో, ఖతార్ 2018లో ఆర్థిక సామాజిక హక్కుల ఒప్పందంలో చేరాయి, సౌదీ, యూఏఈ అసలు చేరనే లేదు. వలస కార్మికుల కోసం ప్రత్యేకంగా 1990లో చేసిన ఒప్పందాన్ని గల్ఫ్‌లో ఒక్క దేశమూ ఆమోదించలేదు, మనమూ ఆమోదించలేదు, కాబట్టి వాళ్ళని అడిగే మొహం మనకి పెద్దగా లేదు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ముందు వచ్చిన ఒత్తిడితో ఖతార్ 2020లో, కంపెనీ మారాలంటే పాత యజమాని ఒప్పుకోవాలన్న రూల్ తీసేసింది, 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకి 1,000 రియాళ్ళు చేసింది. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నుంచి వెళ్ళేవాళ్ళకి ఎక్కువగా తగిలే దెబ్బ మాత్రం ఏజెంట్ దగ్గరే, ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ దిగాక సంతకం పెట్టించే కాంట్రాక్ట్ ఇంకోటి.

రేషన్ ఆగిపోయింది. ఇప్పుడు, ఈ వారం, నేనేం చేయాలి?

ముందు డీలర్ దగ్గర గొడవపడి వచ్చేయకుండా, ఎందుకు ఇవ్వడం లేదో అడిగి, కార్డు రద్దయిందా, ఈకేవైసీ పెండింగా, మిషన్ సమస్యా అన్నది తేల్చుకోండి. తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి, కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌లో, తెలంగాణలో అయితే ప్రజావాణిలో, పెట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోండి. ఆహార భద్రతా చట్టం 15వ సెక్షన్ కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉంటారు, మామూలుగా ఆంధ్రలో జాయింట్ కలెక్టర్, తెలంగాణలో అడిషనల్ కలెక్టర్, అర్జీలో ఆ సెక్షన్ నంబర్ రాయండి, నంబర్ కనపడితే ఆఫీసులో చదివే తీరు మారుతుంది. అక్కడ తేలకపోతే రాష్ట్ర ఆహార కమిషన్‌కి అప్పీల్. వేరే ఊరికి పనికెళ్ళినా అదే కార్డు మీద అక్కడ తీసుకోవచ్చు, దేశమంతా.

నేరుగా ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పెట్టొచ్చా?

ఆర్థిక సామాజిక హక్కుల ఒప్పందం కింద అయితే పెట్టలేరు. మనుషులు నేరుగా ఫిర్యాదు చేసుకునే ప్రోటోకాల్, అంటే దానికి అనుబంధ ఒప్పందం, ఒకటి 2008లో చేశారు, 2013 మే 5 నుంచి అమల్లో ఉంది, ఇండియా అందులో చేరలేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, ఘటన జరిగిన ఏడాదిలోపు వెళ్ళాలి, ఫీజు లేదు, తెలుగులో రాసినా తీసుకుంటారు.